నాలుగు అక్షరాలు, ఇరవై ఆమ్లాలు

శ్రోతలకు నమస్కారం. క్వాంటం ఫిజిక్స్, కంప్యూటర్లు, జీవం పుట్టుక... ఈ మూడూ మూడు వేర్వేరు డిపార్ట్‌మెంట్ల వ్యవహారమని అనుకుంటాం. ఉన్న టైం తక్కువ కాబట్టి, ఈ మూడింటినీ ఒక్కచోట కూర్చోబెట్టిన ఒకే ఒక్క లెక్క, నాకెంతో ఇష్టమైన లెక్క, అదొక్కటే చెబుతాను.

వంటింట్లో నాలుగు స్టీలు డబ్బాలున్నాయి, వాటిలో ఒకదాంట్లోనే యాలకులున్నాయి. అదృష్టం బాగుంటే మొదటి మూతకే దొరుకుతాయి, లేకపోతే మూడు మూతలు తీయాల్సిందే. మామూలు కంప్యూటర్ చేసేదీ ఇదే, ఒక్కో మూత తీయడం ఒక్కో ప్రశ్న అడగడం అన్నమాట. 1996లో లవ్ గ్రోవర్, ఢిల్లీ ఐఐటీలో చదివి అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్నాయన, క్వాంటం పద్ధతిలో, అంటే పరమాణువుల లోకంలో నడిచే నియమాలతో, వెతికితే ఒక్క ప్రశ్న చాలని చూపించారు. ఒక్కటంటే ఒక్కటే! నాలుగు డబ్బాల్నీ కలిపి ఒకేసారి అడగొచ్చు, ఆ తర్వాత తప్పు జవాబుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సరైన జవాబు బలపడి నిలుస్తుంది.

మరి మూడు ప్రశ్నలు అడగనిస్తే ఎన్నింట్లో వెతకొచ్చు? లెక్క వేస్తే 20.2 వస్తుంది, అంటే ఇరవై.

నాలుగు, ఇరవై. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ఈపాటికే తట్టి ఉంటుంది. డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగు. అది కాపీ అయ్యేటప్పుడు ఒక్కో అక్షరం ఎదుటికి ఇంకో అక్షరం వచ్చి జోడీ కుదిరిందా లేదా అని చూసుకుంటుంది, అది ఒక్క ప్రశ్న. ప్రోటీన్లు అల్లే అమైనో ఆమ్లాలు ఇరవై, వాటిని ఎంచేది మూడేసి అక్షరాల కోడ్, అంటే మూడు ప్రశ్నలు. 2000లో బెంగళూరులోని పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త అపూర్వ పటేల్ ఈ పోలికను బయటపెట్టి, జీవం తొలినాళ్లలో ఈ సంఖ్యలు స్థిరపడటం వెనక క్వాంటం వెతుకులాట ఉండి ఉండొచ్చన్నారు. అంతకు చాలా ముందే, 1968లో, డీఎన్‌ఏ ఆకారాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ ఈ కోడ్ ఎలాగో కుదిరి ఆపైన మారలేక గడ్డకట్టుకుపోయిన యాదృచ్ఛికం కావచ్చన్నారు.

నాకు పటేల్ గారి లెక్క చాలా అందంగా కనిపిస్తుంది. కానీ నంబర్లు కలిసినంత మాత్రాన నిరూపణ అయిపోదు, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. క్వాంటం స్థితి మహా సున్నితం, అందుకే చాలా క్వాంటం కంప్యూటర్లను దాదాపు మైనస్ 273 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. మన కణంలో ఉన్నది వెచ్చటి నీళ్లు, అణువుల మధ్య ఎడతెగని తోపులాట, ఆ తోపులాటలో అంత సున్నితమైనది నిలబడటం చాలా కష్టం. కణం గ్రోవర్ పద్ధతి వాడుతోందని ఇంతవరకు ఏ ప్రయోగమూ చూపలేదు. కాబట్టి డీఎన్‌ఏ అంటే క్వాంటం కంప్యూటరే అని వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేయకండి, క్వాంటం పేరు చెప్పి జబ్బులు నయం చేస్తామని ఎవరైనా ఏదైనా అమ్మితే అస్సలు కొనకండి.

దానికి బదులు ఒక పని చేయండి. హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో, హబ్సిగూడ దగ్గర, కణాల మీద, డీఎన్‌ఏ మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది కదా. సెప్టెంబర్ 26 దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ స్థాపక దినం, ఆ దరిదాపుల్లో అక్కడ ఓపెన్ డే పెడుతుంటారు, అంటే అందరినీ లోపలికి రానిచ్చి ల్యాబులు చూపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడుండే రీసెర్చ్ స్టూడెంట్లను పిల్లల చేతే అడిగించండి: కోడ్‌లో మూడక్షరాలే ఎందుకు, రెండు చాలవా? రెండైతే పదహారు కలయికలే వస్తాయి, ఇరవై ఆమ్లాలకు సరిపోవు, మరి మూడైతే 64 వస్తాయి, అన్ని ఎందుకు? అక్కణ్నుంచి పిల్లలు ఇంకేం అడుగుతారో అడగనివ్వండి, ఇంటికి టైమైపోతోందని మాత్రం తొందరపెట్టకండి.