‘అంతా మంచిగనే ఉంది’ అని రాస్తే సంతకం ఎవరిది? – గురువారం ఫోన్-ఇన్

(రికార్డింగ్ విని రాసింది. ఫోన్ చేసినోళ్ల పేర్లు, వాళ్లు పనిచేసే సంస్థల పేర్లు తీసేసినం.)

యాంకర్: అందరికి నమస్కారం. ఇయ్యాల మనతోని ఉన్న సార్‌ది నల్లగొండ దగ్గర పల్లె. అంతర్జాతీయ ఆరోగ్య సంస్థలల్ల ఆడిట్, రిస్క్ పని చేసి రిటైరయిండ్రు. టీకాలు, టీబీ, నీళ్లు – ఏ ప్రాజెక్టుల పనిచేసెటోళ్లయినా, లెక్క అడగాల్నని ఉన్నోళ్లయినా ఫోన్ చేయొచ్చు. మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పుండ్రి అక్కా. ముందు ఆ రేడియో సౌండ్ తగ్గియ్యుండ్రి.

కాలర్: తగ్గించిన. నమస్తే సార్. మాది దేవరకొండ కాడ తండా. ఒక ఏజెన్సీల కాంట్రాక్టు మీద సర్వే చేస్తున్న. పైసలు ఏదో విదేశీ సంస్థవి. పిల్లలకు టీకాలు పడ్డయా లేదా అని ఇల్లిల్లు తిరిగి ట్యాబ్‌ల కొట్టాలె. రోజుకు ముప్పై ఇండ్లు అన్నరు. తండాలల్ల ముప్పై ఇండ్లు అయితయా సార్? ఇంటికి ఇంటికి నడుమ చెల్కలు. ఎండ ఎక్కినంక పోతే అందరు పత్తి ఏరనీకి పోయి ఉంటరు. పద్దెనిమిది అయితయి, మస్తు తిరిగితే ఇరవై.

సార్: మిగిలినయి ఏం జేస్తున్నవ్ బిడ్డా?

కాలర్: సూపర్‌వైజర్ సార్ చెట్టుకింద కూసొని నింపుమన్నడు. పోయిన నెలయి చూసి అటూ ఇటూ మార్చుమన్నడు.

సార్: నింపినవా?

కాలర్: ...రెండు రోజులు నింపిన సార్.

సార్: సరే. చెప్పినవు, సగం పని అయింది. ఒకటి తెలుసుకో. ఆ ట్యాబ్‌ల నువ్వు ఏం కొట్టినవో ఒక్కటే కాదు, ఎప్పుడు కొట్టినవో, చాలావాటిల ఏ జాగల కొట్టినవో గుడ పడుతది. నేను ఆడిట్‌కు పోతే ముందు చూసేది అదే. పదకొండు ఇండ్లు ఒకే చెట్టుకింద, పద్నాలుగు నిమిషాలల్ల అయిపోయినయనుకో, ఇంకేం చూడనక్కర లేదు. పిల్లల వయసులన్ని ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర అని గుండ్రంగ ఉన్నా అంతే. సొంతంగ అల్లెటోళ్లకు పదమూడు నెలలు, పదిహేడు నెలలు యాదికి రావు. దొరికినప్పుడు కనపడేది ఎవరి లాగిన్? నీది. నింపుమన్నోడు నోటితోని చెప్పిండు. నోటి మాటకు సాక్ష్యం లేదు.

కాలర్: ఇప్పుడు ఏం చేయాలె సార్?

సార్: ఇయ్యాల సాయంత్రం నుంచే వాట్సాప్‌ల ఒక మెసేజ్ పెట్టు. "సార్, ఇయ్యాల పంతొమ్మిది ఇండ్లు అయినయి. పదకొండు ఇండ్లకు తాళం. రేపు పొద్దుగాల ఆరింటికి పోయి మల్ల చూస్త." గంతే. తిట్టొద్దు, ఫిర్యాదు చేస్తున్నట్టు రాయొద్దు. రోజూ పెట్టు. ఆ మెసేజ్ ఉన్నంక "నింపు" అనుడు ఆయనకు కష్టమైతది. మల్ల ఆ రెండు రోజుల తేదీలు రాసి, అవి తీసెయ్యుండ్రి, మల్ల తిరుగుత అని చెప్పు. అవి అట్లనే ఉంటే ఏ తండాల టీకా పడలేదో ఆ తండాకు అంతా పడ్డదని లెక్క పోతది. ఆడ తట్టు వచ్చినప్పుడు ఏ పిల్లగాడు పడిపోతడో నీకు నాకు తెల్వది.

కాలర్: ఉద్యోగం తీసేస్తే?

సార్: తీసెయ్యరని నేను చెప్ప. చెప్పినా అబద్ధమే. అందుకే నీ కాంట్రాక్టు కాగితం వెనకపేజీలు తీసి చదువు. పెద్ద సంస్థలు చాలావరకు ఏజెన్సీల కింద పనిచేసేటోళ్లకు గుడ ఫిర్యాదు చేసే ఈమెయిల్, ఫోన్ నంబర్ పెడ్తయి. అది మీ సూపర్‌వైజర్ కాడికి పోదు, పేరు చెప్పకుంట గుడ చెప్పొచ్చు. మెసేజీలు నాలుగు రోజులవి జమచేసుకున్నంక ఆడికి పో, ముందుగాల పోకు.

ఇంకో మాట. పల్స్ పోలియో టైంల మన గోడల మీద 'పీ' అని, 'ఎక్స్' అని రాసిపోతరు చూడు. పిల్లలందరికి చుక్కలు పడ్డ ఇల్లు 'పీ', తాళమున్నా పిల్లగాడు ఇంట్ల లేకున్నా 'ఎక్స్'. ఊరంతా ఒక్క 'ఎక్స్' గుడ లేని టీం మంచిదని ఎవరు అనుకోరు. వాళ్ల వెనకనే ఇంకొకళ్లను పంపుతరు. తాళమున్న ఇల్లు నీ తప్పు కాదు బిడ్డా, అది గుడ సమాచారమే. ముప్పై అని పెట్టినోడు హైదరాబాద్‌ల ఏసీల కూసొని పెట్టిండు, తప్పు ఆడ మొదలైంది.

యాంకర్: సార్, పోలియో మాట వచ్చింది కాబట్టి... మీరు బ్రేక్‌ల సున్నా గురించి ఏదో చెప్తున్నరు.

సార్: ఔ. పోలియో నిఘాకు మన దేశంల 1997ల ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక ప్రాజెక్టు పెట్టినయి. పదిహేనేండ్ల లోపు పిల్లగాని కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోతే దవాఖానోళ్లు చెప్పాలె. ఒక్క కేసు గుడ రాలేదనుకో, వారం వారం 'సున్నా' అని రాసి పంపాలె. పంపకపోతే కేసులు లేవని కాదు, మీరు చూస్తలేరని అర్థం. ఇంకా విను. పోలియో కాని కారణాలతోని గుడ కాళ్లు పడిపోతయి కదా. లక్షమంది పిల్లలకు ఏడాదికి అసొంటి కేసు ఒక్కటన్నా దొరకాలె అని లెక్క పెట్టిండ్రు. అంతకన్న తక్కువ చూపెట్టిన జిల్లాను శెభాష్ అనలేదు, కండ్లు మూసుకున్నరని అనుమానపడ్డరు. 2011 జనవరి 13 హౌరా కేసే ఆఖరిదని, 2014 మార్చి 27న మనకు సర్టిఫికెట్ వచ్చిందని మనం నమ్మినమంటే ఆ అనుమానం వల్లనే. నా సర్వీసంతా నేను చూసింది ఇదే. చెడ్డ ముచ్చట పైకి పోయే తొవ్వ ఉన్నదా, లేదా.

యాంకర్: మర్రిగూడ నుంచి ఒక పెద్దాయన. చెప్పుండ్రి పెద్దయ్యా.

కాలర్: దండాలు బాబు. మా దిక్కు ఫ్లోరిన్ నీళ్ల ముచ్చట అందరికి ఎరుకే. నా కాళ్లు వంగి శానా ఏండ్లాయె. ఎంతమంది వచ్చిర్రో. దేశమోళ్లు, పరదేశమోళ్లు. ఫోటోలు తీసిర్రు, మూత్రం పట్టుకపోయిర్రు, బాయి నీళ్లు సీసాలల్ల పట్టుకపోయిర్రు. ఒక్కడు తిరిగొచ్చి నీ మూత్రంల ఇంత ఉన్నది అని చెప్పలే. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయి, కాదనను. మరి గప్పటి లెక్క నాకెవరు చెప్తరు?

సార్: పెద్దయ్యా, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మీ మూత్రం తీసుకపోయినోళ్లు మీకు ఫలితం చెప్పాలె. ఎందుకు తీస్తున్నరో ముందే మీ భాషల చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలె. ఇప్పుడు అది నియమం. అప్పుడు ఎవరు పట్టించుకోలే.

కాలర్: అడిగే తొవ్వ లేదా?

సార్: ఒకటున్నది. విదేశీ సంస్థల మీద సమాచార హక్కు చట్టం నడువది. కని వాళ్లు మన ఆఫీసులతోని కలిసి పనిచేసి ఉంటే, ఆ కాగితాలు జిల్లా వైద్యాధికారి ఆఫీసుల, గ్రామీణ నీటి సరఫరా ఆఫీసుల ఉంటయి. మీ ఊరి పేరు, ఏ ఏడాదినుంచి ఏ ఏడాదిదాక అని రాసి, నీళ్ల పరీక్షల ఫలితాలు, ఆరోగ్య సర్వే నివేదికలు ఇయ్యుండ్రి అని పది రూపాయల ఫీజుతోని అర్జీ పెట్టుండ్రి. ముప్పై రోజుల లోపల జవాబు ఇయ్యాలె. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. దాన్ని పక్కన పెట్టుకొని ఆ ఫలితాలు చదివియ్యుండ్రి మీ మనవలతోని.

కాలర్: మా మనవడు చదువుతడు.

సార్: మంచిది. మన నల్లగొండ పేరు మీద ఒక పద్ధతి ఉన్నది తెలుసా పెద్దయ్యా? నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 1970లల్ల తయారుచేసిండ్రు. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి, అడుగుకు పేరుకున్న మడ్డి తీసేసుడు. 'నల్లగొండ టెక్నిక్' అని టాంజానియా, ఇథియోపియా దాక పోయింది. పద్ధతి మంచిదే. కని రోజూ పటిక కొలిచి పోసేది ఎవరు, ఆ మడ్డి తీసుకపోయి యాడ పడేసేది ఎవరు? ప్రాజెక్టు కాగితంల "గ్రామస్థులు" అని ఉంటది. గ్రామస్థులు అంటే ఎవరు? పేరు లేదు. పేరు లేని కాడ పని ఆగిపోతది, ఆఫ్రికాలనైనా మునుగోడులనైనా.

యాంకర్: గద్వాల నుంచి కాల్... హలో? హలో... లైన్ కట్టయింది. వనపర్తి తీసుకుందాం.

కాలర్: నమస్తే సార్. చిన్న స్వచ్ఛంద సంస్థల అకౌంటెంట్‌ను. టీబీ ప్రాజెక్టు నడుస్తున్నది. పైసలిచ్చేటోళ్లు రిస్క్ రిజిస్టర్ – ప్రాజెక్టుకు ఏ ప్రమాదాలు రావొచ్చో, వాటిని ఎవరు చూసుకుంటరో రాసే పట్టిక – పంపుమంటే నెట్‌ల ఒక నమూనా దొరికింది, పేర్లు మార్చి పంపినం. ఇప్పుడు వాళ్లు చూడనీకి వస్తం అంటున్నరు.

సార్: అందుల మొదటి రిస్క్ ఏంది?

కాలర్: భూకంపం సార్.

సార్: (నవ్వు) వనపర్తిల. రెండోది?

కాలర్: సముద్ర తుఫాను.

సార్: తమ్మీ, అది చింపెయ్. చింపేసి, మీ దగ్గర బండి మీద ఊర్లు తిరిగేటోళ్లు ఎవరున్నరో వాళ్లను కూసోబెట్టి ఒక్క మాట అడుగు – రోగులు మందులు నడుమల ఎందుకు ఇడుస్తున్నరు అని.

కాలర్: అది నాకు తెలుసు సార్. బొంబాయి, పుణె పోతరు. కూలీలను పనికి తోలుకపోయే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే పొద్దుగాల బస్సు ఎక్కుతరు.

సార్: గదీ నీ మొదటి రిస్క్. టీబీ మందులు కనీసం ఆర్నెల్లు మింగాలె. మూడో నెల్ల బస్సెక్కి ఆపిండనుకో, మందులకు లొంగని టీబీ అయ్యే ప్రమాదం ఉన్నది. ఇప్పుడు దాన్ని రాసే తీరు చూడు. ఎందుకు జరుగుతది – అడ్వాన్సు. ఏం జరుగుతది – మందు ఆగుతది. ఏమైతది – జబ్బు ముదురుతది, ఆడ ఇంకో పదిమందికి అంటుతది. తర్వాత గడిల దాన్ని చూసుకునేది ఎవరో రాయాలె. "ప్రాజెక్టు టీం" అని రాయకు, ఒక మనిషి పేరు రాయి. ఆ మనిషి ఏం చేస్తది? పోయేముందు టీబీ రోగుల సర్కారు ఆన్‌లైన్ రిజిస్టర్ నిక్షయ్‌ల వాళ్ల వివరాలు అక్కడి దవాఖానకు బదిలీ చేపిస్తది, దారి మందులు ఇప్పిస్తది, గుంపు మేస్త్రీ ఫోన్ నంబర్ రాసుకుంటది. ఏడు రోజులు ఫోన్ ఎత్తకపోతే మీ మేనేజర్‌కు చెప్తది. ఆ మేస్త్రీ నంబర్ ఉన్న రిజిస్టర్ నాకు చూపిస్తే, వీళ్లకు పని తెలుసు అనుకుంట.

కాలర్: రంగులు ఎట్ల వేయాలె సార్? ఎరుపు, పసుపు, పచ్చ అంటరు. మావి అన్ని పచ్చ వేసినం, ఇబ్బంది లేకుంట.

సార్: అన్ని పచ్చ ఉన్న కాగితం చూస్తే నాకు చెమట పడుతది. ఒక్కటన్నా ఎరుపు లేదంటే మీకు రిస్క్ లేదని కాదు, చెప్పనీకి భయమైతున్నదని. సరే, చెక్కులు రాసేది ఎవరు?

కాలర్: నేనే.

సార్: బ్యాంకు లెక్క నగదు పుస్తకంతోని సరిచూసేది?

కాలర్: అదీ నేనే సార్.

సార్: అయితే రెండో రిస్క్ నువ్వే.

కాలర్: సార్! ఒక్క పైస ముట్టలే నేను.

సార్: ముట్టినవని నేనన్ననా? రేపు లెక్కల పదివేలు తేడా వస్తే, ఇది వీని పని కాదు అని చెప్పెటోడు ఒక్కడన్నా ఉండాలె కదా. ఇప్పుడు ఎవరు లేరు. సరిచూసే పని ఇంకొకళ్లకు ఇయ్యి, నెలకు ఒకసారి సంతకం పెట్టిపియ్యి. అది నీ మీద అనుమానం కాదు, నీ తలకాయకు టోపీ. ఇంకోటి, వాళ్లు రాకముందే ఉత్తరం రాయుండ్రి. మొదట పంపింది నమూనా చూసి రాసింది, ఇది మేము కూసొని రాసింది అని. వాళ్లు వచ్చి భూకంపం గురించి అడిగేదాక ఆగకుండ్రి.

యాంకర్: మహబూబ్‌నగర్ నుంచి ఒక టీచర్ సార్ లైన్‌ల ఉన్నరు.

కాలర్: నమస్కారం. ఇంతసేపు విన్న. ట్యాబ్ పట్టుకున్న పిల్లకు జీపీఎస్, చెక్కు రాసే పిల్లగానికి రెండు సంతకాలు. మరి జెనీవాల ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దాఫీసుల కూసున్నోళ్లను అడిగేదెవరు? వాళ్ల మీద కేసు గుడ వేయరాదంట.

సార్: సగం నిజం మాస్టారు. మన కోర్టులల్ల వాళ్లకు రక్షణ ఉన్నది, దానికి 1947 చట్టమే ఉన్నది. ఏ దేశానికి ఆ దేశం కేసులు పెడితే పని నడువదని ఇచ్చిన రక్షణ అది. కని బయట కోర్టు లేదంటే లోపల విచారణ రెండింతలు గట్టిగ ఉండాలె. అది లేకపోతే ఏమైతదో కాంగోల చూసినం. 2018 నుంచి 2020 దాక ఆడ ఎబోలా జబ్బు. దాన్ని ఆపనీకి పోయిన సంస్థలోళ్లు ఉద్యోగం ఇప్పిస్తమని చెప్పి ఆడోళ్లను లైంగికంగ వాడుకున్నరు. 2020ల బయటపెట్టింది విలేకరులు. తర్వాత స్వతంత్ర కమిషన్ వేస్తే, 2021 సెప్టెంబర్‌ల ఇచ్చిన నివేదికల 83 మంది మీద ఆరోపణలు, అందుల 21 మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసినోళ్లు. అంతమంది ఆడోళ్ల గోస లోపలి తొవ్వల పైకి రాలే. పేపరోళ్ల చెవికి పడ్డంక కదిలిండ్రు.

కాలర్: మరి లెక్కలు?

సార్: లెక్కలకు బయటి ఆడిటర్ ఉంటడు. 2020 నుంచి 2023 దాక ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఆ పని చేసింది ఎవరనుకుంటున్నరు? మన దేశంల సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగే. 2019 మే మహాసభల దేశాలన్ని ఎన్నుకున్నయి. మన జెడ్పీ ఖర్చుల మీద రాసే ఆఫీసు జెనీవా ఖర్చుల మీద గుడ రాసింది.

కాలర్: అది తెల్వదు నాకు. సంతోషం.

సార్: సంతోషపడుండ్రి, కని ఇంకోటి వినుండ్రి. ఎయిడ్స్, టీబీ, మలేరియాకు పైసలిచ్చే గ్లోబల్ ఫండ్ ఉన్నది కదా. తన దొంగలను తన లోపలి విచారణాధికారి – ఇన్‌స్పెక్టర్ జనరల్ అంటరు – పట్టి, నివేదికలు తనే బయట పెట్టింది. 2011ల అవే వార్తలైనయి. అప్పటిదాక ఇచ్చిన 1,300 కోట్ల డాలర్లల్ల 3.4 కోట్ల డాలర్ల తేడా. జర్మనీ, స్వీడన్ పైసలు ఆపినయి. దాచిపెట్టిన సంస్థలు హాయిగున్నయి, చెప్పిన సంస్థకు దెబ్బ పడ్డది. అందుకే గోడల మీద 'అవినీతికి జీరో టాలరెన్స్' అని బోర్డు చూస్తే నాకు నచ్చదు. సున్నా కావాలె అంటే కిందోళ్లు సున్నానే రాసి పంపుతరు. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీనే నయం. ప్రజావేదికల పని చేపిచ్చే మేట్ ముంగట, కూలీల ముంగట మస్టర్, అదే హాజరు పట్టీ, చదువుతరు. లొల్లి అయితది, కుర్చీలు ఎగురుతయి గుడ. అయినా అందరి ముంగట చదువుతరు.

యాంకర్: ఆఖరి కాల్, టైం తక్కువున్నది. కల్వకుర్తి నుంచి. చెప్పు అమ్మా, జల్ది.

కాలర్: నమస్తే సార్. పోషకాహార ప్రాజెక్టుల పనిచేస్తున్న. మా ఆఫీసుల ఫిర్యాదుల డబ్బా పెట్టిండ్రు. రెండేండ్ల సంది ఒక్క కాగితం గుడ పడలే. మా మేనేజర్ ప్రతి రిపోర్టుల 'ఫిర్యాదులు లేవు' అని గొప్పగ రాస్తడు. అది మంచిదా, చెడ్డదా?

సార్: డబ్బా యాడున్నదమ్మా?

కాలర్: మేనేజర్ సార్ రూంల, ఆయన టేబుల్ పక్కన.

సార్: తాళం చెవి?

కాలర్: ...ఆయన దగ్గరనే సార్.