ఈ బాక్స్‌ఎన్ వ్యాగన్ మోడల్ ఏ కాలానిది? రేణిగుంట మోడల్ రైలు లేఅవుట్ కోసం రివ్యూ

నమస్తే అండీ, తిరుపతి నుంచి. చేతిలో ఉన్నది హెచ్‌ఓ స్కేల్ (అసలు సైజులో 87వ వంతు) బాక్స్‌ఎన్, బొగ్గు, ఇనుప ఖనిజం మోసే ఎత్తు గోడల ఓపెన్ వ్యాగన్. తయారీదారు పేరు చెప్పను, ఈ రోజు చూసేదంతా దాని ఒంటి మీది రాతలు.

ముందు కొలతలు. అసలు వ్యాగన్ ఒక కొస కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి ఇంకో కొస కప్లర్ దాకా 10,713 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 123. వెర్నియర్ పెడితే ఇది 124 చూపిస్తోంది, పాస్. సైడ్ బఫర్లు (కొసల్లో తాకిడి ఆపే గుండ్రటి దిమ్మలు) లేవు, అదీ కరెక్టే. మన బ్రాడ్ గేజ్ 1,676 కాబట్టి పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి, ఇదేమో 16.5 మీద నడుస్తుంది, అందుకే ఎదురుగా చూస్తే చక్రాలు లోపలికి జరిగినట్టుంటాయి. బయట సులువుగా దొరికే ట్రాక్ అదే, దానికి మార్కులు తీయను.

అసలు గొడవ నంబరుతో. నా లేఅవుట్ 1995 నాటి రేణిగుంట. గుత్తి–రేణిగుంట లైన్లో ఎర్రగుంట్ల వైపు ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) 1994లో మొదలైంది, బొగ్గు రేకు (వ్యాగన్ల వరస) పెట్టుకోవడానికి నాకా సాకు చాలు. దీని మీద 11 అంకెల నంబరు వేశారు, ఆ పద్ధతి వచ్చిందే 2000 దాటాక. మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన ఏడాది, ఆపైన నాలుగు వరస నంబరు, చివరిది చెక్ అంకె. ఇక్కడ ఏడాది దగ్గర 86 ఉంది కదా, పాతదే అనుకుంటారు చాలామంది. వ్యాగన్ 86దే కావచ్చు, కానీ 1995లో దాని మీద ఈ నంబరు ఉండే అవకాశమే లేదు. పోనీ 2005 లేఅవుట్‌కి పనికొస్తుందా? సరి స్థానాల్లోని అంకెలు కూడి మూడుతో గుణించండి, చివరిది వదిలేసి బేసి స్థానాలవి కలపండి, దానికి చెక్ అంకె కలిపితే పదితో నిశ్శేషంగా పోవాలి. ఇది పోలేదు! అసలు వ్యాగన్ చూసి రాసుంటే ఇలా రాదు, ఏదో నోటికొచ్చింది వేసేశారు.

ఇంకోటి, పీఓహెచ్ (వర్క్‌షాప్‌లో నిర్ణీత కాలానికోసారి చేసే పూర్తి మరమ్మతు) ఎక్కడ జరిగిందో రాసే చోట తిరుపతి పేరు. సామీ, మన సెట్టిపల్లి వర్క్‌షాప్ కోచ్‌లది. అప్పట్లో సౌత్ సెంట్రల్ రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్ విజయవాడ దగ్గర గుంటుపల్లిలో ఉండేది. వ్యాగన్ ఏ రైల్వే జోన్‌దో చెప్పే అక్షరాల విషయంలో మాత్రం పట్టింపు వద్దు, గూడ్స్ వ్యాగన్లు దేశమంతా తిరుగుతాయి, రేణిగుంట యార్డులో ఏ జోన్‌దైనా కనిపించొచ్చు.

మరి సరైనది ఎలా తెలుసుకోవాలంటే, పాత ఫొటోలే దిక్కు. వెనక తేదీ రాసి లేకపోయినా ఫర్వాలేదు, జూమ్ చేసి వ్యాగన్ మీదున్న పీఓహెచ్ తేదీ, రిటర్న్ తేదీ (మళ్లీ పీఓహెచ్‌కి రావాల్సిన తేదీ) చదవండి, ఫొటో దాదాపు ఆ రెంటి మధ్య తీసిందే అయ్యుంటుంది. ఒకే రేకులో నాలుగైదు వ్యాగన్లు చదవగలిగితే ఏడాది ఇంకా బాగా బిగుస్తుంది. డ్రాయింగ్ ఉంటే కొలతలు తెలుస్తాయి కానీ, రాతలు ఎక్కడ, ఎంత సైజులో ఉన్నాయో, ఎక్కడ తుప్పు పట్టిందో ఫొటోయే చెప్పాలి. 1975 నాటి లేఅవుట్ కట్టేవాళ్లు అసలు బాక్స్‌ఎన్ కొనకండి, అది ఎనభైల్లో వచ్చిన ఎయిర్ బ్రేక్ బండి. మీకు వ్యాక్యూమ్ బ్రేక్ ఉన్న పాత రకాలు కావాలి: ఓపెన్ వ్యాగన్ బాక్స్, పైకప్పున్న బీసీఎక్స్.

కొనొచ్చా అంటే, బాడీ కోసం కొనండి, రాతలు చెరిపేసి మీరే వేసుకోండి. నాకైతే ఇప్పుడు పాకాల మీటర్ గేజ్ గూడ్స్ ఫొటోలు కావాలి, పక్కన అంకెలు చదవగలిగేవి. మీ ఇంట్లో ఉంటే చెప్పండి, స్కాన్ చేసుకుని ఒరిజినల్ భద్రంగా తిరిగిచ్చేస్తాను.