రెండు వారాలు కనబడకపోతే అడిగే మనుషులు

హోస్ట్: అందరికీ వందనాలు. ఇవాళ ఇంటి కూడికల గురించి మాట్లాడుకుందాం. సెల్ గ్రూప్ అంటారు, ఫెలోషిప్ గ్రూప్ అంటారు. పేరు ఏదైనా, పదిమంది వారానికోసారి ఒకరింట్లో కూర్చునే చిన్న సహవాసం. చాలా ఏళ్లుగా అలాంటి కూడిక నడిపిస్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాం, వాక్యం వింటున్నాం. మళ్లీ ఇదెందుకు?

అక్క: నువ్వు రెండు ఆదివారాలు రాకపోతే ఎవరికి తెలుస్తుంది, తమ్ముడూ? మూడువందల మంది ఉన్నచోట పాస్టర్ గారు ఎంత మంచివారైనా అందరినీ గమనించలేరు. అదే పదిమందిలో అయితే ఆ రాత్రికే ఫోన్ వస్తుంది, "ఒంట్లో బాగా లేదా?" అని. నాకు ఆ ఫోన్ చాలా పెద్ద విషయం.

హోస్ట్: ఇది ఈమధ్య వచ్చిన పద్ధతి అనుకునేవాళ్లు ఉన్నారు.

అక్క: కాదు. మొదటి విశ్వాసులకు చర్చి భవనాలే లేవు కదా, ఇళ్లలోనే కూడుకునేవారు. బైబిల్లో రోమా పత్రికలో ప్రిస్కిల్ల, అకులల ఇంట్లో సంఘం ఉంది. కొలొస్సయుల పత్రికలో నుంఫా ఇల్లు ఉంది. నాకు మాత్రం అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఎక్కువ ఇష్టం. పేతురు చెరసాల నుంచి బయటపడి నేరుగా మార్కు తల్లి మరియ ఇంటికి వెళ్తాడు. లోపల చాలామంది ప్రార్థన చేస్తున్నారు. రొదే అనే చిన్నది ఆయన గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచిపోయి లోపలికి పరుగెత్తుతుంది. గొంతు వినగానే మనిషెవరో తెలియడం, అదీ సహవాసమంటే!

హోస్ట్: తర్వాతి కాలంలో చర్చిలు పెద్దవయ్యాక ఇది వెనకబడిందా?

అక్క: మధ్యమధ్యలో మళ్లీ లేచింది. 1670లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పెనర్ అనే పాస్టర్ తన ఇంట్లో ఇలాంటి కూడికలు మొదలుపెట్టారు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంగతైతే కాస్త వివరంగా చెప్పాలి. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో వాళ్ల ప్రార్థనా మందిరం మీద అప్పు ఉంది. ఎలా తీర్చాలని అందరూ ఆలోచిస్తుంటే, తలా వారానికి ఒక పెన్నీ ఇద్దామని కెప్టెన్ ఫాయ్ అనే ఆయన అన్నారు. అంత ఇచ్చుకోలేని పేదవాళ్లు ఉన్నారే అన్నారు ఎవరో. "వాళ్లలో బాగా పేదవాళ్లను పదకొండు మందిని నాకు అప్పజెప్పండి, ఇవ్వలేకపోతే నేను కడతాను" అన్నారాయన. మిగతావాళ్లకూ అలాగే బాధ్యులను పెట్టారు.

హోస్ట్: అంటే మొదలైంది డబ్బు వసూలుకా?

అక్క: అవును. కానీ వారం వారం ఇంటికి వెళ్తే ఇంట్లో ఏం జరుగుతోందో కనబడుతుంది కదా. ఒకాయన తాగుతున్నాడు, ఒకచోట భార్యాభర్తలకు పడటం లేదు. ఈ మాటలు వెస్లీ దాకా వచ్చాయి. ఇన్నాళ్లూ మనకు కావలసింది ఇదే కదా అని ఆయనకు తట్టింది. అప్పటి నుంచి సుమారు పన్నెండు మందికి ఒక నాయకుడితో క్లాస్ మీటింగులు స్థిరపడ్డాయి. నాకు ఇందులో నచ్చేది, ఆ నాయకుల్లో ఎక్కువమంది బోధకులు కాదు, మామూలు విశ్వాసులు.

హోస్ట్: మరి మీ కూడికలో ఏం చేస్తారు?

అక్క: ఒక పాట, కొంచెం వాక్యం, ఎక్కువగా వినడం. నేనే మాట్లాడేస్తే అది రెండో ఆదివారం ప్రసంగం అయిపోతుంది. పదిహేను మంది దాటితే రెండు గుంపులు చేస్తాం. అది బాధగానే ఉంటుంది, అయినా తప్పదు. గుంపు పెద్దదైతే నెమ్మదస్తులు నోరు తెరవరు.

హోస్ట్: వీటిలో ఇబ్బంది ఎక్కడొస్తుంది?

అక్క: మాట బయటికి పోవడంలో. మన తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలని, ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలని యాకోబు రాశాడు. నమ్మకం లేనిచోట అది ఎలా కుదురుతుంది? మా గుంపులోనే జరిగింది. ఒక సహోదరి తన ఇంటి కష్టం ఏడుస్తూ చెప్పుకుంది. ఆ వారంలోనే అది "ప్రార్థన అంశం" పేరుతో నాలుగిళ్లు తిరిగింది. చెప్పినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు, నిజంగానే ప్రార్థన కోసమే చెప్పారు. కానీ ఆమె రావడం మానేసింది. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలని నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ మొట్టమొదట అదే చెబుతాను.

హోస్ట్: ఆమె మళ్లీ వచ్చారా, అక్కా?

అక్క: కూడికకు రాలేదు. వెళ్లి క్షమాపణ అడిగాను. తర్వాత అప్పుడప్పుడు ఫోన్ చేస్తూనే ఉన్నాను, బాగోగులు అడగడం వరకే. మొన్న తనే ఫోన్ చేసి, ఒక విషయం కోసం ప్రార్థన చేయమంది. చాలా ఏళ్లకు.

హోస్ట్: దేనికోసమో...

అక్క: అది నా దగ్గరే ఉంటుంది, తమ్ముడూ.