భాగించకుండానే ప్రధాన సంఖ్యను గుర్తించడం

సభకు నమస్కారం.

విశాఖపట్నంలో మనం కూర్చున్న ఈ ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణపు పిన్‌కోడ్ 530003. చూపుకు అది ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. 2, 3, 5, 7 అంటూ వరుసగా 112 ప్రధాన సంఖ్యలతో భాగించినా ప్రతిసారీ ఎంతో కొంత శేషం మిగులుతుంది. 113వదైన 617 దగ్గరకు వచ్చాక గాని అది 617, 859ల లబ్ధమని తేలదు. ఆరంకెల సంఖ్యకే ఇంత శ్రమ పడితే, పదంకెల 2147483647 మాటేమిటి?

ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య ఇది. దీని వర్గమూలం లోపల 4,792 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నింటితోనూ భాగించనక్కరలేదని పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ చూపాడు. ఏదైనా ప్రధాన సంఖ్య దీనిని భాగిస్తే, దానితో 2 ఘాతాలను భాగించగా వచ్చే శేషాలు 31 మెట్లకొకసారి 1 దగ్గరకు తిరిగి వస్తాయి. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం భాజకం కన్నా ఒకటి తక్కువ మెట్లకు కూడా అవి 1 దగ్గరకే రావాలి కనుక, ఆ ఒకటి తక్కువ సంఖ్య 31కి గుణిజమై తీరాలి. అంతేకాక, భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని కావాలి. ఈ రెండు షరతులతో పరీక్షించవలసిన భాజకాలు 372కు మించవు. 1772 నాటికి ఆయిలర్ ఈ సంఖ్య ప్రధానమేనని నిర్ధారించాడు. సంఖ్య ఆకారమే దాని భాజకాలను కట్టడి చేయడం నన్ను ఇప్పటికీ ముగ్ధుణ్ని చేస్తుంది.

1876లో ఫ్రెంచి గణితవేత్త లూకాస్ అసలు భాజకాల జోలికే పోకుండా, 39 అంకెల 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. తరువాత అమెరికన్ గణితవేత్త లేమర్ తీర్చిదిద్దిన రూపంలో ఆ పద్ధతిని 2⁷ − 1, అంటే 127 మీద చూద్దాం. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, 127తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకుంటూ పోతే 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. ఘాతం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, ఘాతం కన్నా రెండు తక్కువ అడుగుల్లో సున్నా వస్తే అది ప్రధానం, రాకపోతే కాదు. 127కు ఐదో అడుగులో సున్నా వచ్చింది.

అయితే ఈ పరీక్ష కారణాంకాలను చెప్పదు. ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1644లో ప్రధానమని రాసిన 2⁶⁷ − 1 ప్రధానం కాదని లూకాస్ చూపినా, దాన్ని 193707721, 761838257287లుగా అమెరికన్ గణితవేత్త కోల్ విడగొట్టింది 1903లో.

2024 అక్టోబరులో లూక్ డ్యురాంట్ కనుగొన్న ప్రధాన సంఖ్య కూడా 2 ఘాతంలోంచి ఒకటి తీసివేసినదే; దాని ఘాతం 13,62,79,841, అంకెలు 4,10,24,320. దానికీ చివరి నిర్ధారణ ఇచ్చింది వర్గం చేసి రెండు తీసివేసే ఈ పద్ధతే. 13,62,79,839వ అడుగులో శేషం సున్నా వచ్చింది.