ఫ్రీగా వచ్చిన వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్ కిట్: నాయన పాత 800 హెడ్ మీద వాడి చూశా

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఒంగోలు నుంచి మాట్లాడుతున్నా. ఇంజన్ వాల్వుల మీదుండే స్ప్రింగుల్ని నొక్కి పట్టి, వాల్వులు ఊడదీయడానికీ బిగించడానికీ వాడే కిట్ ఇది. ముందే చెప్పేస్తాను, ఈ కిట్ నేను కొన్నది కాదు. టూల్స్ అమ్మేవాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులు ఇవ్వలేదు, కిట్ తిరిగి పంపమనీ అడగలేదు. అది గుర్తు పెట్టుకుని నా మాట ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి.

బరువెంత, పెట్టెలో ఏమేం ఉన్నాయి, ఎన్ని అడాప్టర్లు, ఇవన్నీ అమ్మకం పేజీలో చూసే ఉంటారు. మళ్లీ అవే చదివి మీ టైం తినను. నేను చూపించేది ఒక్కటే. మా నాయన మారుతి 800 హెడ్ మీద, అంటే ఇంజన్ పై భాగం మీద, ఈ కిట్‌లోని క్లాంప్ ఎలా పనిచేసింది, ఎక్కడ నన్ను విసిగించింది.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తా. 796 సీసీ, మూడు సిలిండర్లు, గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వులు మొత్తం ఆరు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ. రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి, ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లగా మీగడ కట్టింది. నీలం పొగకు కారణం వాల్వ్ సీల్స్, అంటే వాల్వ్ కాడ పక్కనుంచి ఆయిల్ కిందికి కారకుండా ఆపేవి. నీళ్లు ఆయిల్లో కలిశాయంటే ముందు అనుమానించాల్సింది హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్‌కెట్‌నే. రెండూ కలిసొచ్చాయి కాబట్టి హెడ్ దించక తప్పలేదు.

ఆ గ్యాస్‌కెట్ ఎందుకు పోయిందో కూడా చెప్పాలి, మన జిల్లాలో సగం పాత బండ్ల కథ ఇదే. కూలెంట్ కొనడం దండగని రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు. మన బోరు నీళ్లు ఎలాంటివో ఇంట్లో గీజర్ విప్పిన వాళ్లకి తెలుసు. ఈ బండికి కింద బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. ఉప్పు నీళ్లు తగిలితే ముందు తినేది అల్యూమినియాన్నే. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా, నీళ్ల రంధ్రం అంచు చూడండి. పుచ్చిన పన్నులా ఉంది. గ్యాస్‌కెట్ కూర్చోవాల్సిన చోటు ఇది. ఎంత మంచి గ్యాస్‌కెట్ తెచ్చి వేసినా ఇక్కడ పట్టు దొరకదు. దీనికి వెల్డింగ్ పెట్టి ఫేసింగ్, అంటే ముఖం సమంగా కోయించడం, చేయించాల్సిందే. ఏ కిట్టూ ఆ పని చేయదు. నాయనకి ఈ మాట చెబితే, "మా రోజుల్లో ఎవరు పోశార్రా కూలెంటు" అని ఆయన వాదన ఆయనది.

హెడ్ దించడం గురించి ఎక్కువ చెప్పను. ఇంజన్ పూర్తిగా చల్లారాకే బోల్టులు ముట్టుకోండి. చివర్ల నుంచి మధ్యకి వస్తూ కొంచెం కొంచెంగా వదులు చేయండి. బిగించేటప్పుడు మధ్యలో మొదలుపెట్టి చివర్లకి పోవాలి, అది కూడా బిగుతు ఎంతో చూపించే టార్క్ రెంచ్‌తో, రెండు మూడు విడతలుగా. ఎంత టార్కో మీ ఇంజన్ మాన్యువల్లో ఉంటుంది. పక్కింటి మేస్త్రి చెప్పిన అంకె వాడొద్దు.

ఇప్పుడు అసలు వస్తువు. ఇదే సీ ఆకారం క్లాంప్. ఒక కొస వాల్వ్ ముఖం మీద ఆనుతుంది, రెండో కొసకి అడాప్టర్ తగిలించి స్ప్రింగ్ పైనున్న రిటైనర్ మీద పెడతాం. స్క్రూ తిప్పితే స్ప్రింగ్ అణుగుతుంది, వాల్వ్ కాడని రిటైనర్‌కి పట్టి ఉంచే రెండు చిన్న లాకులు మధ్యలోంచి బయటికొస్తాయి. అంతే పని. కానీ ఆ లాకులు గోరంత ఉంటాయి, స్ప్రింగ్ బలమేమో చేతికి లొంగేది కాదు.

ఇదివరకు నేను వాడింది ఒక లేత్ షాపులో వెల్డింగ్ చేయించిన లీవర్. పొడుగు కడ్డీ, చివర చీలిన ముక్క. ఒకరు కడ్డీని నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు లాకు పెట్టాలి. నొక్కేవాడికి ఫోన్ వచ్చిందంటే లాకు ఎటు ఎగిరిందో షెడ్డంతా వెతుక్కోవాలి. మా మేస్త్రిది ఇంకో పద్ధతి. వాల్వ్ కింద చెక్క ముక్క పెట్టి, రిటైనర్ మీద బాక్స్ పానా నిలబెట్టి, సుత్తితో ఒక్కటిస్తాడు. లాకులు టక్కున ఊడి పానా లోపలికి వస్తాయి. చూడ్డానికి భలే ఉంటుంది, కానీ అది ఊడదీయడానికే. బిగించేటప్పుడు సుత్తి ఏం చేస్తుంది?

నాకు ఈ కిట్ నచ్చింది సరిగ్గా అక్కడే, బిగించేటప్పుడు. ఈ అడాప్టర్ చూడండి, పక్కన కిటికీ కోశారు. రెండు వైపులా ఉంది, అదీ వెడల్పుగా. చౌక కిట్లలో ఈ కిటికీ ఎంత ఇరుకంటే, స్ప్రింగ్ చక్కగా అణిగాక కూడా లాకు లోపలికి పంపడానికి దారి ఉండదు. టెస్టర్ మొన దూరుతుంది కానీ దాని మీదున్న లాకు అంచుకి తగిలి పడిపోతుంది. మనం తిట్టుకుంటూ కూర్చుంటాం. దీంట్లో అలా లేదు. లాకు వెనక కొంచెం గ్రీజు రాసి టెస్టర్ మొనకి అంటించి నేరుగా లోపలికి తీసుకెళ్లాను, వాల్వ్ గాడిలో కూర్చుంది. రెండోది అవతలి కిటికీలోంచి. గ్రీజు పట్టుకుంటుంది కాబట్టి జారదు. అయస్కాంతం పుల్ల వాడొచ్చు కదా అని అడుగుతారు. అడాప్టర్ కూడా ఇనుమే కదండీ, పుల్ల ముందు దాని గోడకి అతుక్కుంటుంది. గ్రీజే నయం.

స్క్రూ కూడా బాగుంది. మరలు సన్నగా ఉన్నాయి, అందుకే స్ప్రింగ్ నెమ్మదిగా వదులుతుంది. ఆఖర్లో సగం చుట్టు వదిలి ఆగి, లాకులు రెండూ సమానంగా కూర్చున్నాయో లేదో చూసుకుని, అప్పుడు పూర్తిగా వదలొచ్చు. ఆ తర్వాత స్ప్రింగ్ వైపున్న వాల్వ్ కాడ కొస మీద ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టండి. సరిగా కూర్చోని లాకు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఇంజన్ తిరిగేటప్పుడు తెలిస్తే వాల్వ్ సిలిండర్లోకి దిగుతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పెట్టె మీద యూనివర్సల్ అని రాశారు. పాత 800లో రాకర్లు, అంటే వాల్వుల్ని నొక్కే చిన్న చేతులు ఉంటాయి, అవి తీశాక స్ప్రింగులు పైకే కనిపిస్తాయి, కాబట్టి ఏ క్లాంపైనా సుఖంగా పడుతుంది. ఆల్టో కె10, వ్యాగన్ఆర్‌లలో వచ్చిన కె10 ఇంజన్ అలా కాదు. అందులో వాల్వుల్ని నొక్కి తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు, వాటి కింద గిన్నెల్లాంటి బకెట్ ట్యాపెట్లు, వాటి గుంతల అడుగున స్ప్రింగులు. అక్కడ అడాప్టర్ పొడుగ్గా, సన్నగా ఉండాలి, గుంత గోడ మీద గీత పడకూడదు. ఈ కిట్‌లో ఉన్నవి పొట్టివి. కె10 ఉన్నవాళ్లు యూనివర్సల్ అనే మాట చూసి కొనకండి.

ఇక నాకు మండిన సంగతి. వాల్వ్ గ్రైండింగ్ చేయడానికి చెక్క పిడి, దాని కొసకి రబ్బరు కప్పు ఇచ్చారు చూశారా, దీన్ని ఎవరు డిజైన్ చేశారో గానీ, వాడెప్పుడూ వాల్వ్ పట్టుకుని ఉండడు. వాల్వ్ ముఖం పెట్రోల్‌తో తుడిచాను, ఆరబెట్టాను, కప్పుకి తడి చేశాను. నాలుగు తిప్పులు తిప్పేసరికి ఊడొస్తుంది. మళ్లీ అతికించు, మళ్లీ ఊడు. గ్రైండింగ్ అంటే రుద్దే పేస్టు రాసి, వాల్వ్‌ని అది ఆనే సీటు మీద అటూ ఇటూ అరచుట్టు తిప్పుతూ, మధ్యలో వాల్వ్ ఎత్తి చోటు మార్చి మళ్లీ తిప్పాలి. ఆ ఎత్తేటప్పుడే ఊడుతుంది. రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంది. బైక్ వాల్వుల కోసం ఎప్పుడో కొన్న పాత పిడి నా దగ్గరుంది, చెక్క పగిలింది, రంగు పోయింది, దాని రబ్బరు మాత్రం మెత్తన. మిగతా వాల్వులన్నీ దాంతోనే చేశాను. ఇంత మంచి క్లాంప్ చేసిన వాళ్లు రబ్బరు ముక్క దగ్గర పిసినారితనం చూపించారేంటండీ!

పేస్టు పని అయ్యాక వాల్వ్ మీదా సీటు మీదా తెగకుండా చుట్టూ ఒకే వెడల్పు బూడిదరంగు పట్టీ కనిపించాలి. పేస్టు రవ్వ కూడా మిగలకుండా కడగండి, అది వాల్వ్ కాడ దూరే గైడ్‌లో చేరితే గైడ్‌నే అరగదీస్తుంది. ఏ వాల్వ్ ఏ సీటుదో అట్టముక్కకి రంధ్రాలు చేసి నంబరు వేసి గుచ్చి పెట్టుకోండి, మారకూడదు. గైడ్ లూజుగా ఉన్నా, సీటు లోతుకి పోయినా పేస్టుతో బాగుపడదు. లేత్ షాపులో గైడ్ మార్పించి, సీటు కోయించాలి. కొత్త సీల్స్‌ని వాల్వ్ పెట్టకముందే గైడ్ మీద నొక్కి, వాల్వ్ కాడకి ఆయిల్ రాసి దూర్చండి. ఆఖర్న ప్లగ్గులు బిగించి హెడ్ తిరగేసి వాల్వ్ ముఖాలున్న గుంతల్లో కిరోసిన్ పోయండి. గాలి, పొగ పోయే దారులైన పోర్టుల్లోకి చెమ్మ రాకపోతే వాల్వులు కూర్చున్నట్టే.

కామెంట్లలో ఒకాయన అడిగారు, మనకి చీమకుర్తి దగ్గరే కదా, గెలాక్సీ గ్రానైట్ ముక్క మీద ఎమరీ పేపరు అంటించి హెడ్ రుద్దేయొచ్చా అని. అన్నా, వంటగట్టుకి పాలిష్ పెట్టిన రాయి అద్దంలా మెరిసినంత మాత్రాన సమతలం అని కాదు. మనం వెతికే తేడా 0.05 మిల్లీమీటర్ల లెక్క. స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే తిన్నని అంచున్న కడ్డీ పెట్టి, పొడుగూ అడ్డమూ ఐమూలా దాని కింద ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉన్న సన్నటి రేకు, దూర్చి చూడండి. 0.05 దూరిందంటే షాపుకి తీసుకెళ్లండి. రాయి మీద మసి, పాత గ్యాస్‌కెట్ మరకలు తుడుచుకోవడం వరకైతే ఓకే. మా హెడ్ కూడా వెల్డింగ్ అయ్యాక ఫేసింగ్‌కి షాపుకే పోయింది.

మరి కొనొచ్చా? పాత 800, ఓమ్ని లాంటి బండ్లు ఇష్టంగా పెట్టుకుని, సొంతంగా పని చేసుకునే వాళ్లయితే కొనండి, ఆ కిటికీ కోసమే కొనండి. ఒక్క బండికి ఒక్కసారి చేయాల్సిన పనైతే దండగ, హెడ్ విప్పి షాపులో ఇచ్చేయండి, వాళ్లే వాల్వులు కూర్చోబెట్టి ఇస్తారు. రబ్బరు పిడి మాత్రం విడిగా మంచిది కొనుక్కోండి. లింక్ కింద పెట్టాను, దాని మీద నాకు కమీషన్ రాదు. మీ బండి ఇంజన్ ఏదో కామెంట్లో రాయండి, ఈ అడాప్టర్లు దానికి పడతాయో లేదో నాకు తెలిసినంతవరకు చెప్తాను. ఉంటానండి.