నల్లా రోజు

(సికింద్రాబాద్‌లోని ఒక బస్తీ ఫుట్‌బాల్ క్లబ్బు వార్షిక సభలో ఒక రిటైర్డ్ పీఈటీ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ తమ్ముడికి, మసీదు కమిటీ పెద్దలకు, చర్చి నుంచి వచ్చిన ఫాదర్ గారికి, పైసా తీసుకోకుండా కుర్చీలు వేసిన టెంట్‌హౌస్ అన్నకు, మీ అందరికీ నమస్కారం, ఆదాబ్. ఎవరినైనా మర్చిపోతే మన్నించండి. పోయినేడు ఒక పెద్దాయన పేరు మర్చిపోయాను, ఈ ఏడు ఆయన రాలేదు. ఆయన కుర్చీ మాత్రం అదిగో, ఖాళీగా ఉంది.

వెనక బ్యానర్ చూశారు కదా. 'క్లబ్బు, కమ్యూనిటీ' అని వేశారు మన పిల్లలు. దీని మీద మాట్లాడండి సార్ అన్నారు. కమ్యూనిటీ అంటే ఎవరయ్యా అని అడిగాను. బస్తీవాళ్లు సార్ అన్నారు. మరి మీరెక్కడివాళ్లు అన్నాను. నవ్వారు. సరే, మూడు పాయింట్లు కాగితం మీద రాసుకొచ్చాను.

మొదటిది చరిత్ర. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. బొంబాయి వెళ్లి, ఐదేళ్లూ కప్పు పట్టుకొచ్చారు. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడి పంతులు. ఇది నాకు కొంచెం గర్వం, ఒప్పుకుంటాను. ఆయన కోచ్‌గా ఉండగానే మన దేశం 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో కొరియాను 2-1తో ఓడించిన నాటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడే పోయారు.

ఆయన గురించి నేనెప్పుడూ చెప్పే ముచ్చట ఒకటుంది. విన్నవాళ్లు మళ్లీ వినండి. తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ పిల్లవాడు. బాగా ఆడతాడని రహీం సాబ్ ప్రాక్టీస్‌కు రమ్మన్నారు. సికింద్రాబాద్ నుంచి రోజూ రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు బలరాం. అయితే సైకిల్ కిరాయికని రోజుకో రూపాయి ఇచ్చారాయన. ఆ కుర్రాడే ఒలింపిక్స్ ఆడాడు, జకార్తాలో ఆడాడు. నేనైతే ఆ రూపాయిని అంత గొప్పగా చెప్పను. ఎందుకు రాలేవురా అని అడిగారు చూడండి, అదీ గొప్ప. అడక్కపోతే రూపాయి జేబులోనే ఉండేది.

ఇక రెండో పాయింట్. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. గచ్చిబౌలిలో మ్యాచ్‌లు. నేనూ మనవణ్ని తీసుకుని వెళ్లాను, మూడు బస్సులు మారి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్, చాంపియన్లయ్యారు. మా ఇంట్లో టీవీ ముందు గంతులేశాం. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే మన ఊరి జట్టు కప్పు గెలిచిన ఏడు మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2025 వచ్చేసరికి ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. తప్పొప్పుల జోలికి నేను పోను. మనవడి దగ్గర ఆ పసుపు జెర్సీ ఇంకా ఉంది, ఇప్పుడు వాడికి పొట్టి.

జర్మనీలో బెర్లిన్‌లో యూనియన్ అనే క్లబ్బు ఉంది. డబ్బుల్లేక మూతపడే పరిస్థితి వస్తే అభిమానులు రక్తం అమ్మి... అక్కడ రక్తం ఇస్తే కొంత డబ్బిస్తారు, ఆ డబ్బు క్లబ్బుకిచ్చారు. తర్వాత స్టేడియం బాగుచేయాల్సి వస్తే రెండు వేల మందికి పైగా వచ్చి సొంత చేతులతో సిమెంటు కలిపారు. అలాంటి జట్టును ఎవరైనా మూటగట్టి ఇంకో ఊరికి...

అదేంటమ్మా, లేస్తున్నారు? నల్లా నీళ్లొచ్చే టైమా? అయ్యో, వెళ్లండి, వెళ్లండి. నల్లా రోజున మీటింగ్ పెట్టినవాళ్లది తప్పు. కుర్చీలు జరపండి, అమ్మవాళ్లకు దారివ్వండి.

ఈ కాగితం పక్కన పెట్టేస్తున్నాను. ఇంకొకటి చెప్పాలి.

పదిహేడేళ్ల కింద సంగతి. పొద్దున ఐదున్నరకు ప్రాక్టీస్ పెట్టేవాణ్ని. లేటయితే ఐదు రౌండ్లు, నెలలో ఐదుసార్లు లేటయితే పేరు కొట్టేయడం. డిసిప్లిన్ అంటే నాకప్పుడు అదే. ఒక పిల్లవాడు ఉండేవాడు, పదమూడేళ్లు, ఎడమ కాలితో ఆడేవాడు. వింగ్‌లో బంతి అందుకుంటే మావాళ్లు అరవడం మొదలుపెట్టేవాళ్లు. వాడు లేటు. అడిగితే తల దించుకునేవాడు. నిజం చెప్తున్నా, నేను అడిగింది కూడా అడిగినట్టు కాదు, అరిచినట్టు. రౌండ్లు కొట్టేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. లీగ్ సెలెక్షన్‌కు ముందు వాడి పేరు కొట్టేశాను.

ఆ వారంలోనే ఒక పెళ్లికార్డు ఇవ్వడానికి పొద్దున్నే వాళ్ల గల్లీకి వెళ్లాను. ప్రెషర్ తక్కువని ఇంటి ముందు గుంత తవ్వి నల్లా కిందికి దింపుకుంటారు కదా. ఆ గుంతలో కూర్చుని ఉన్నాడు వీడు. గిన్నెతో పట్టి బిందెలో పోస్తున్నాడు, బిందె నిండితే లోపలికి మోస్తున్నాడు. కాళ్లకు మన క్లబ్బు స్టాకింగ్స్, చలికి. మోకాళ్ల దాకా తడిసిపోయాయి. షూస్ మాత్రం తడవకుండా గోడ మీద పెట్టుకున్నాడు. పేరు కొట్టేసిన సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి లేచి నిలబడి, "రెండు బిందెలే సార్, వచ్చేస్తా" అన్నాడు.

వాళ్లమ్మకు దవాఖానలో నైట్ డ్యూటీ. నానమ్మ బిందె ఎత్తలేదు.

ఇంటికొచ్చి రిజిస్టర్ తీశాను. వాడి పేరుకు ఎదురుగా ఎర్ర ఇంకు. 3, 5, 7, 9, 11. రోజు విడిచి రోజు. మన బస్తీకి నీళ్లొచ్చే రోజులు. ఆ తారీఖులు రాసింది నా చెయ్యే. మా ఇంటికీ ఆ రోజుల్లోనే నీళ్లొస్తాయి, మా ఆవిడ పడుతుంది.

పేరు మళ్లీ రాశాను. నెల తిరక్కుండా వాళ్లు కిరాయి ఇల్లు ఖాళీ చేశారు. మౌలాలి అన్నారొకరు, ఘట్‌కేసర్ అన్నారు ఇంకొకరు. రెండు చోట్లా వెతికాను. దొరకలేదు.

అప్పటినుంచి నల్లా రోజున ప్రాక్టీస్ సాయంత్రం. ఇంకేమీ మార్చలేదు. బంతులు అవే, గ్రౌండు అదే. మానేసిన నలుగురు తిరిగొచ్చారు.

సెక్రటరీ తమ్ముడూ, గడియారం చూపించకు, అయిపోయింది. ర్యాలీ తీద్దాం, ఫ్లెక్సీ కడదాం, సెల్ఫీ పాయింట్ పెడదాం అని మొన్న మీటింగ్‌లో అన్నారు. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పోయినేడు తొమ్మిది మంది ఆడపిల్లలు పేరు ఇచ్చారు, ఇవాళ ఇద్దరున్నారు. మిగతా ఏడుగురి ఇళ్లకు ఎవరైనా వెళ్లారా? నిజామాబాద్ పిల్ల సౌమ్య గుగులోత్ క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడివచ్చింది. మన గేటు దగ్గర లైటు లేక మన పిల్లలు ఇంట్లో ఉండిపోయారేమో, నాకు అనుమానం. టర్ఫులవాళ్లు గంటకు వెయ్యి అడుగుతున్నారు, మన దగ్గర ఉచితం, అయినా ఎందుకు రావడం లేదు? వెళ్లి అడగండి. ఫోన్ చేసి కాదు, గడప దగ్గర నిలబడి. చాయ్ ఇస్తారు, తాగండి.

కొత్త రిజిస్టర్ నేనే కొనుక్కొచ్చాను, ఇదిగో. హాజరు గడి పక్కన ఇంకో గడి గీయించాను. రానివాళ్లకు ఎందుకు రాలేదో అందులో రాయాలి. ఎర్ర ఇంకు వాడొద్దు.

సరే, జెర్సీలు ఇచ్చేద్దాం. చిన్న సైజువాళ్లు ముందు రండి. నీళ్లకు వెళ్లిన అమ్మల పిల్లలవి పక్కన పెట్టండి, ఎవరికీ ఇచ్చేయకండి.