తొలి కలయికలో నొప్పి: భయమెంత, నిజమెంత

సభకు నమస్కారం. పెళ్లి కుదిరిన అమ్మాయి స్నేహితురాలి చెవిలో తప్ప మరెక్కడా అడగలేని ప్రశ్న ఒకటుంది: మొదటిసారి బాగా నొప్పి పుడుతుందా? కొందరికి కొంత అసౌకర్యం ఉంటుంది, కొందరికి అసలే ఉండదు. భరించలేని నొప్పి మాత్రం ఎవరూ పళ్ల బిగువున ఓర్చుకోవలసినది కాదు.

ఈ భయంలో చాలా భాగం కన్నెపొర చుట్టూ అల్లుకున్నదే. అది యోనిని పూర్తిగా మూసి ఉంచే పొర కాదు. ద్వారం అంచున ఉండే, సాగే గుణమున్న పలుచని కణజాలం. నెలసరి రక్తం వెలుపలికి వచ్చేందుకు అందులో ఖాళీ మొదటినుంచీ ఉంటుంది. కలయిక తరువాత కొందరికి నాలుగు చుక్కల రక్తం కనిపిస్తుంది, చాలామందికి అదీ కనిపించదు. కన్యత్వాన్ని తేల్చగల పరీక్ష ఏదీ లేదని, అలాంటి పరీక్షలను మానివేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే కోరింది. దుప్పటి మీద మరక కోసం వెతికే పెద్దలు కూడా ఈ మాట వినాలి.

మరి నొప్పి ఎందుకు వస్తుంది? తడి చాలకపోవడం, యోని చుట్టూ ఉండే కటి కండరాలు బిగుసుకోవడం ముఖ్య కారణాలు. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప మూతపడినట్టే, భయపడినప్పుడు ఈ కండరాలు మన ప్రమేయం లేకుండానే బిగుస్తాయి. ఆ బిగువు వల్ల నొప్పి పుడుతుంది, ఆ నొప్పి గుర్తుండి మరుసటిసారి తాకకముందే శరీరం ముడుచుకుంటుంది. అందుకే తొందర పనికిరాదు. పెళ్లి హడావిడిలో అలసిపోయిన ఇద్దరూ ఆ రాత్రే కలవాలన్న నియమం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు.

మాటలకూ, స్పర్శకూ కావలసినంత సమయం ఇవ్వండి. అప్పటికీ తడి చాలకపోతే మందుల దుకాణంలో దొరికే, నీటితో తయారైన లూబ్రికెంట్ వాడండి. నూనెలు, వ్యాజలైన్ లేటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తాయి. భార్య పైన ఉండే భంగిమలో వేగమూ లోతూ ఆమె అదుపులో ఉంటాయి. ఆమె ఆగమన్న క్షణమే భర్త ఆగాలి, అదీ ముఖం మాడ్చుకోకుండా. మొద్దుబార్చే క్రీముల జోలికి సొంతంగా వెళ్లకండి. నొప్పి తెలియకపోతే గాయమైనా తెలియదు. కలయిక తరువాత మూత్రవిసర్జన చేయడం మంచిది, కొత్త పెళ్లికూతుళ్లలో మూత్రంలో మంట తరచుగా చూస్తుంటాం.

వేలు కూడా చొరబడనంతగా కండరాలు బిగుసుకుపోతే దానిని వెజైనిస్మస్ అంటారు. కౌన్సెలింగ్, కటి కండరాల వ్యాయామాలు, చిన్న సైజుతో మొదలుపెట్టి వాడే డైలేటర్లతో (యోనిని మెల్లగా అలవాటు చేసే నున్నని సాధనాలతో) చాలామందికి నయమవుతుంది. ప్రతిసారీ నొప్పి వస్తున్నా, రక్తస్రావం ఆగకపోయినా, దురద లేదా దుర్వాసన ఉన్నా స్త్రీల వైద్యులను కలవండి, వీలైతే దంపతులిద్దరూ రండి. లోపలి పరీక్ష అంటే భయమైతే ముందే చెప్పండి. మొదటి రోజు కేవలం మాట్లాడి పంపించడం మాకు కొత్త కాదు.